నలుపులో హెచ్చుతగ్గులు: ఫౌంటెన్ పెన్ను సిరాల గాఢతపై ఒక సమీక్ష

ఫౌంటెన్ పెన్నుతో రాసేవారి మధ్య నల్ల సిరాల గురించి నడిచే వాదాలు ఎక్కడ మొదలైనా, దొరికే సిరాల్లో అన్నిటికంటే నల్లనిది ఏదన్న ప్రశ్న దగ్గరికే చేరుతుంటాయి. ప్రశ్న తేలికగానే కనిపిస్తుంది గాని, దానికి ఇంతవరకూ వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఇటలీలోని టురిన్ నగరానికి చెందిన అరోరా కంపెనీ నల్ల సిరాను కొందరు అగ్రస్థానంలో నిలబెడితే, అమెరికాలో నేథన్ టార్డిఫ్ తయారుచేసే నూడ్లర్స్ బ్లాక్‌ను మరికొందరు, జపాన్‌లోని సెయిలర్ కంపెనీ కివాగురోను ఇంకొందరు అదే స్థానంలో ఉంచుతారు. ఒక పరీక్షలో దట్టమైన నలుపుగా తేలిన సిరా మరో పరీక్షలో బూడిద రంగు అనిపించుకోవడం కూడా మామూలే. పరీక్షించినవారి అశ్రద్ధ వల్లనే ఇలా జరుగుతున్నదని అనుకోవడానికి వీల్లేదు. సీసాలోని ద్రవం, దాన్ని కాగితం మీదికి తెచ్చే పాళీ, పీల్చుకునే కాగితం, చూసే వెలుతురు, రాసి ఎంతసేపయిందన్న లెక్క, ఇవన్నీ కలిసి ఒక గీత ఎంత నల్లగా ఉండాలో నిర్ణయిస్తాయి కాబట్టి, వీటిలో ఒక్కదాన్ని మాత్రమే పేర్కొని మిగతావాటిని వదిలేసిన పోలికలు పరస్పరం విరుద్ధంగా ఉండడం సహజమే.

ముందుగా నలుపును కొలిచే పద్ధతి చూడాలి. మంచి తెల్ల కాగితం తన మీద పడిన వెలుతురులో ఎనభై నుంచి తొంభై శాతం దాకా వెనక్కి పంపుతుంది. సిరా అందులో చాలా భాగాన్ని మింగేసి, కొద్ది శాతం మాత్రమే కంటికి చేరనిస్తుంది. ఇలా తిరిగి వచ్చే భాగాన్ని పరావర్తన శాతం అంటారు. ముద్రణ రంగంలో దీన్ని సంవర్గమానంగా మార్చి సాంద్రత అనే కొలతగా వాడతారు: పది శాతం వెలుతురు తిరిగి వస్తే సాంద్రత 1, ఒక్క శాతమే వస్తే సాంద్రత 2. కంటికి కనిపించే తేడాలకు దగ్గరగా ఉండే మరో కొలతను అంతర్జాతీయ ప్రకాశ సంఘం 1976లో ఖరారు చేసింది. ఎల్-స్టార్ అని పిలిచే ఆ కొలతలో సంపూర్ణమైన నలుపు 0, సంపూర్ణమైన తెలుపు 100. ఈ కొలతలోని విశేషం ఏమిటంటే, పరావర్తనం 18 శాతానికి పడిపోయినా ఎల్-స్టార్ ఇంకా సగం దగ్గరే, అంటే 50 దగ్గరే ఉంటుంది. కన్ను చీకటి వైపు ఉన్న చిన్న తేడాలను పెద్దవిగా చూస్తుందనడానికి ఇదే నిదర్శనం. నల్ల సిరాల మధ్య ఉన్న కొద్దిపాటి తేడాలకు అంత చర్చ జరగడానికి కారణం కూడా ఇదే.

ఇక సిరాలో రంగును పెంచుకుంటూ పోతే నలుపు కూడా అదే లెక్కన పెరుగుతుందా అంటే, పెరగదు. మందంగా పూసిన రంగు పొరల పరావర్తనాన్ని లెక్కగట్టడానికి కుబెల్కా, మంక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1931లో ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ పనికివస్తుంది. ఆ సూత్రం ప్రకారం, పది శాతం పరావర్తనం ఉన్న పొరను అయిదు శాతానికి దించాలంటే అందులోని రంగును రెట్టింపు కంటే కాస్త ఎక్కువ చేయాలి. అయిదు నుంచి రెండున్నరకు దించాలంటే మళ్లీ అంత పనీ చేయాలి. మొదటి రెట్టింపు ఎల్-స్టార్‌ను సుమారు 38 నుంచి 27కు దించితే, రెండో రెట్టింపు 27 నుంచి 18కి మాత్రమే దించుతుంది. ప్రతి మెట్టుకూ ఖర్చు రెట్టింపవుతుంటే ప్రయోజనం మాత్రం తరుగుతూ వస్తుందన్నమాట. అదనంగా చేరిన రంగు ఊరికే పడి ఉండదు. అది సిరాను చిక్కబరుస్తుంది, పాళీ చీలికలో ఎండి గడ్డకడుతుంది, కాగితం పీల్చుకోలేనంత మిగిలి పైన పొడిలా నిలిచి, రాసి చాలాసేపయిన తరువాత కూడా వేలు తగిలితే అలుక్కుపోతుంది. అత్యంత గాఢమైనవని పేరుపడ్డ సిరాల మీద తరచుగా వినిపించే ఫిర్యాదు ఈ అలుక్కుపోవడమే కావడం యాదృచ్ఛికం కాదు.

ఈ లెక్కకు కూడా ఒక అడ్డుగోడ ఉంది. వెలుతురు గాలిలోంచి మరో పదార్థంలోకి ప్రవేశించేటప్పుడు దానిలో కొంత లోపలికి పోకుండానే పైపొర నుంచి వెనుదిరుగుతుంది. సిరాలోని బంకలు, కాగితంలోని పీచు వంటి పదార్థాల విషయంలో ఈ భాగం సుమారు నాలుగు శాతం ఉంటుంది; ఆ వెలుతురుకు లోపలి రంగు ఎంత నల్లగా ఉన్నదీ తెలియను కూడా తెలియదు. నునుపైన గాజు లాంటి తలం మీదనైతే ఆ నాలుగు శాతమూ ఒకే దిక్కుకు పోతుంది కాబట్టి, కన్ను కాస్త పక్కకు జరిగితే దాని బెడద తప్పుతుంది. ఎగుడుదిగుడుగా ఉండే కాగితం దాన్ని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది గనుక ఎటునుంచి చూసినా కొంత తెలుపు నలుపులో కలుస్తూనే ఉంటుంది. తడి ఆరని గీత నిగనిగలాడుతూ, ఆరిన గీత ఒక మెట్టు వెలిసినట్లు కనిపించడానికి కారణం ఇదే. తడిగా ఉన్నంతసేపూ ద్రవం పీచుల మధ్య పల్లాలను నింపి తలాన్ని చదును చేస్తుంది, ఆరగానే ఆ గరుకుదనం మళ్లీ బయటపడుతుంది. మొత్తం పడిన వెలుతురులో మూడు శాతమే పైపొర నుంచి కంటికి చేరుతుందనుకున్నా, పై పేరాలోని 38, 27, 18 అన్న మెట్లు 43, 34, 28గా మారిపోతాయి. అంటే రంగును నాలుగింతలు చేసినా గీత ఎల్-స్టార్ 28 కంటే కిందికి దిగదు.

ఈ అడ్డుగోడను దాటిన నలుపు లేకపోలేదు. 2014లో ఇంగ్లండు కంపెనీ సర్రే నానోసిస్టమ్స్ ప్రకటించిన వాంటాబ్లాక్ అనే పూత 99.965 శాతం వెలుతురును మింగుతుందంటే, దానికి కారణం అందులో మరింత నల్లటి రంగు ఉండడం కాదు. నిలువుగా దట్టంగా పెంచిన కర్బన నాళికల నడుమకు వెళ్లిన వెలుతురు బయటికి వచ్చే దారి దొరక్క అక్కడే అంతరించిపోవడం. అటువంటి నిర్మాణాన్ని పాళీలోంచి పారించడం సాధ్యం కాదు గనుక, వాంటాబ్లాక్‌ను సిరాలతో పోల్చే మాటలకు ప్రచార విలువ తప్ప మరొకటి లేదు.

నల్ల సిరాలను వాటి నలుపుకు మూలమైన పదార్థాన్ని బట్టి మూడు కుటుంబాలుగా విడదీయవచ్చు. మొదటిదీ, అన్నిటికంటే పాతదీ మసి సిరా. నూనె దీపం మసినో కట్టెలు కాల్చిన మసినో జిగురుతో నూరి నీటిలో కలిపిన సిరాను ఈజిప్టు, చైనా, భారతదేశం ఏనాటినుంచో వాడుతున్నాయి. తెలుగునాట తాళపత్రాల మీద గంటంతో గీసిన అక్షరాలు మొదట కంటికి ఆనవు. ఆకు పసరుతోనో నూనెతోనో కలిపిన మసిని పైన పూసి తుడిస్తే, గీతల్లో చిక్కుకున్న మసి అక్షరాన్ని చూపిస్తుంది. మసిలోని కర్బనం కంటికి కనిపించే కాంతి అంతటినీ దాదాపు సమానంగా పీల్చుకోవడమే కాక, ఎండకూ నీటికీ చెక్కుచెదరదు కాబట్టి, సూత్రరీత్యా దానికి మించిన నల్ల రంగు పదార్థం రాతకు మరొకటి లేదు. మసిలోనూ తేడాలున్నాయి: చైనా సిరా కడ్డీల్లో నూనె మసితో చేసినవి కాస్త గోధుమ వన్నె కలిసిన నిగారింపు నలుపునూ, దేవదారు జాతి కట్టె మసితో చేసినవి నీలి వన్నె కలిసిన మెరుపులేని నలుపునూ ఇస్తాయి. కణం పరిమాణం మారితే వన్నె మారడం దీనికి మూలం.

అయితే కర్బనం నీటిలో కరగదు, తేలుతుంది. కణాలు ఒకదానికొకటి అంటుకొని అడుగున చేరడం, లక్క లేదా జిగురు కలిపిన డ్రాయింగ్ సిరాలు ఎండితే పెన్ను సన్నని దారులు శాశ్వతంగా మూసుకుపోవడం వల్ల, 1884లో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు పొందిన పెన్ను మొదలుకొని చాలాకాలం పాటు మసి సిరాకు ఫౌంటెన్ పెన్నులో ప్రవేశం లేకపోయింది. ఈనాడు జపాన్ ప్లాటినమ్ కంపెనీ కార్బన్ ఇంకు, సెయిలర్ కివాగురో, జర్మనీలో తయారయ్యే డీ ఆత్రామెంటిస్ డాక్యుమెంట్ బ్లాక్, రోరర్ అండ్ క్లింగ్నర్ డోక్యుమెంటస్ వంటివి కణాన్ని మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతు కంటే సన్నగా చేసి, అవి ముద్దకట్టకుండా ఆపే పదార్థాలు కలిపి ఆ ఇబ్బందిని చాలావరకు దాటాయి. ఇంత చేసినా వీటిని పెన్నులో ఎండనివ్వకూడదు. రోజూ రాసేవారి చేతిలో ఇవి భద్రంగా ఉంటాయి, నెలల తరబడి మూలపడే పెన్నులో ఉండవు.

రెండో కుటుంబం ఇనుప సిరా. అన్నభేది అని పిలిచే ఇనుప లవణాన్ని, మాచికాయ నుంచి తీసిన వగరు పదార్థంతో, అంటే టానిన్‌తో కలిపితే మొదట లేత రంగు ద్రవం తయారవుతుంది. దానితో రాసిన గీతకు గాలి తగిలిన కొద్దీ ఇనుము రూపం మారి, నీటిలో కరగని నల్లని పదార్థంగా పీచుల్లో స్థిరపడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ వారాల తరబడి పులియబెట్టి వడగట్టిన నీటితో గీసే నల్ల గీత కూడా ఈ రసాయన చర్యే. అక్కడ టానిన్ బట్టలో ఉంటుంది, ఇనుము కలంలో ఉంటుంది, రెండూ కలిసిన చోట నలుపు పుడుతుంది. మధ్యయుగాల నుంచి శతాబ్దాల పాటు ఐరోపా రాతలకు ఆధారం ఈ ఇనుప సిరాయే. రాసేటప్పుడు గీత కనిపించాలని ఇందులో నీలిరంగు కలపడం వల్ల బ్లూ-బ్లాక్ అన్న వర్గం ఏర్పడింది. ప్లాటినమ్ బ్లూ-బ్లాక్, రోరర్ అండ్ క్లింగ్నర్ సాలిక్స్ ఇప్పటికీ ఆ మార్గంలోనే ఉన్నాయి. గాఢత పోలికల్లో ఇనుప సిరాకు తరచూ అన్యాయం జరుగుతుంది. రాసిన అయిదు నిమిషాలకు చూసినవారు దాన్ని నీలమన్నారు; మర్నాడు చూసినవారు బూడిద కలిసిన నలుపన్నారు; కొన్ని వందల ఏళ్ల నాటి దస్తావేజుల్లో చూసేవారు గోధుమ రంగు అంటారు. అందరూ నిజమే చెప్పారు. పెన్ను కోసం పలచగా చేసిన నేటి ఇనుప సిరాలు ఎంత ముదిరినా మసి సిరాల లోతుకు చేరవన్నది కూడా అంతే నిజం. వీటికి పులుపు గుణం ఎక్కువ కావడం వల్ల స్టీలు పాళీని తినే ప్రమాదం ఉంది, బంగారు పాళీకి ఆ భయం లేదు.

మూడోదీ, సంఖ్యలో అన్నిటికంటే పెద్దదీ రంగు సిరాల కుటుంబం. 1856లో పెర్కిన్ కృత్రిమంగా ఊదారంగును తయారుచేసిన తరువాత రంగుల పరిశ్రమ ఊపందుకుంది. నైగ్రోసిన్ వంటి నల్ల రంగులు ఆ క్రమంలోనే వచ్చాయి. ఇవి నీటిలో పూర్తిగా కరుగుతాయి, పెన్నుకు ఏ హానీ చేయవు, ఎండినా కడిగితే పోతాయి. లోపమల్లా, కనిపించే కాంతి మొత్తాన్నీ సమానంగా పీల్చే ఒకే ఒక్క రంగు అణువు దొరకడం కష్టం కావడమే. నల్ల రంగుగా అమ్మే పదార్థాల్లో చాలావాటి అసలు రంగు ముదురు నీలమో, ఊదానో, ఆకుపచ్చో. దాని వల్ల మిగిలిన సందును పూడ్చడానికి పసుపునో నారింజనో ఎరుపునో కలపాలి. సిరా చుక్కను వడపోత కాగితం మీద వేసి అంచును నీటిలో ఉంచితే, నీరు పైకి పాకుతూ ఒక్కో రంగును ఒక్కో దూరానికి తీసుకెళ్లి విడదీస్తుంది. క్రోమటోగ్రఫీ అనే ఈ పరీక్షలో పార్కర్ క్వింక్ నలుపు నీలంగానూ పసుపు గోధుమ వన్నెగానూ విడిపోతుంది. చిత్రకారులు ఈ సిరాను నీటితో కడిగి నీడలు వేయడానికి ఇష్టపడేది ఆ గుణం వల్లనే. రాసేవారికి అదే గుణం లోపమవుతుంది: పాళీ సన్నగా, కాగితం పీల్చేదిగా ఉన్నప్పుడు రంగుల వాటా చెదిరి, గీత నీలివైపో ఆకుపచ్చవైపో మొగ్గుతుంది.

క్వింక్‌ను తేలికగా తీసిపారేయకూడదు. 1931లో మార్కెట్లోకి వచ్చిన ఈ సిరా అద్దుడు కాగితంతో పని లేకుండా త్వరగా ఆరడం కోసం పుట్టింది. త్వరగా ఆరడమంటే పీచుల లోపలికి త్వరగా దిగడమే. లోపలికి దిగిన రంగు మీద పీచుల తెలుపు కప్పుకుంటుంది కాబట్టి గాఢత కొంత తగ్గుతుంది. అరోరా నలుపు, నూడ్లర్స్ బ్లాక్ దీనికి ఎదుటి కొసన ఉన్నాయి. అరోరా ధారాళంగా పారుతూ రంగును ఎక్కువగా మోసుకొచ్చే సిరా. కేవలం రంగు అణువుల మీద ఆధారపడిన సిరాల్లో అది దాదాపు ప్రతి పోలికలోనూ మొదటి వరుసలో నిలుస్తుంది. నూడ్లర్స్ బ్లాక్‌లోని రంగు కాగితంలోని సెల్యులోజ్‌తో రసాయనికంగా ముడిపడేలా తయారైనది, అందువల్ల నీళ్లు పోసినా చెదరదు. ముడిపడే పీచు దొరకని చోట, అంటే పైన పూత ఉన్న నునుపు కాగితాల మీద, మిగిలిన రంగు చేతికి అంటుతుంది. లామీ నలుపు, పెలికాన్ 4001 నలుపు మధ్యస్థంగా ఉంటాయి. 4001 వరుస సిరాలకు పొదుపుగా పారతాయన్న పేరుంది కనుక ధారాళమైన పాళీలో అవి ఒక రకంగా, పొడి పాళీలో మరో రకంగా కనిపిస్తాయి. పైలట్ ఇరోషిజుకు వరుసలోని తకేసుమి గురించి అభిప్రాయాలు చీలిపోవడానికి కారణం అది ఒకే గీతలో లేతనూ ముదురునూ చూపించే స్వభావం కలది కావడం. ఆ ఛాయాభేదాన్ని అందంగా భావించేవారు కొందరైతే, గాఢతలో లోటుగా లెక్కించేవారు మరికొందరు. భారతదేశంలో 1931లో సిరా పొడితో మొదలైన కామ్లిన్, స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో 1934లో బెంగాల్‌లో పుట్టిన సులేఖ ప్రధానంగా ఈ రంగు సిరాల మార్గంలోనే నడిచాయి. చవకగా దొరకడం, పెన్నును పాడుచేయకపోవడం వీటి లక్ష్యాలు, గాఢత తరువాతి మాట.

సిరా సంగతి ఇంత చెప్పుకున్నా, ఒకే సిరా రెండు పెన్నుల్లో చూపే తేడా చాలాసార్లు రెండు మంచి సిరాల మధ్య తేడా కంటే పెద్దది. పాళీ కింద ఉండి సిరాను గాడుల గుండా చీలిక దాకా తెచ్చే ముక్కను ఫీడ్ అంటారు. అది ఎంత సిరా వదిలితే గీత మీద అంత రంగు చేరుతుంది. రబ్బరును గంధకంతో గట్టిపరిచి చేసే ఎబొనైట్ ఫీడ్‌కు ప్లాస్టిక్ కంటే బాగా తడి పట్టుతుంది, కాబట్టి అందులోంచి ప్రవాహం సాధారణంగా ధారాళం. గాంధీజీ స్వదేశీ పిలుపు నేపథ్యంలో 1930లలో కె.వి. రత్నం రాజమండ్రిలో మొదలుపెట్టిన ఎబొనైట్ పెన్నుల సంప్రదాయం ఇందుకు దగ్గరి ఉదాహరణ. చేత్తో తరిమెన పట్టిన ఆ పెన్నుల్లో ఫిల్లరుతో నేరుగా గొట్టంలోకి పోసే సిరా, గట్టి ఎబొనైట్ ఫీడ్ మీదుగా దిగుతుంటే, మామూలు దేశీ నల్ల సిరా కూడా జపాన్ వారి సన్నని పాళీలోంచి వచ్చే ఖరీదైన సిరాకు ఏమాత్రం తీసిపోకుండా కనిపిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: మూత సరిగ్గా బిగియని పెన్నులో వారాల తరబడి ఉన్న సిరాలోని నీరు ఆవిరై రంగు చిక్కబడుతుంది, కాబట్టి కొత్తగా నింపిన సిరాతో పాత సిరాను పోల్చితే పాతదే గెలుస్తుంది.

కాగితానిది అంతకంటే పెద్ద పాత్ర. తయారీలో పిండి పదార్థమో మైనం లాంటి రసాయనమో చేర్చి పీల్చే గుణాన్ని తగ్గించడాన్ని సైజింగ్ అంటారు. సైజింగ్ బాగా ఉన్న కాగితం సిరాను పైననే నిలబెడుతుంది, తక్కువైనది లోపలికి లాగేసి పీచుల వెంట పక్కలకు పాకిస్తుంది. జపాన్‌లో పుట్టిన తోమోయె రివర్ అనే పలుచని కాగితం మీద ప్రతి సిరా గాఢంగా కనిపించడానికి కారణం ఆ నిలబెట్టే గుణమే. మితిమీరి నిలబెట్టినా ఒక ఇబ్బందే: చిక్కటి రంగు పైన స్ఫటికాల్లా ఆరి, ఎరుపు లేదా రాగి రంగు మెరుపును వెలువరిస్తుంది, నలుపును చూడవలసిన చోట కన్ను ఆ మెరుపును చూస్తుంది. జిరాక్స్ కాగితం ఇందుకు విరుద్ధంగా సిరాను లోపలికి తీసుకొని గీతను వెడల్పు చేస్తుంది. కాని నీలికాంతిని వెదజల్లే తెల్లదనపు రసాయనాలు అందులో కలిసి ఉండడం వల్ల చుట్టూ ఉన్న తెలుపు మరింత తెల్లనై, పక్కనున్న గీత నల్లగా అనిపిస్తుంది. మీగడ రంగు నోటుపుస్తకం మీద అదే గీత మెత్తబడుతుంది. కన్ను ఎప్పుడూ నలుపును దాని పరిసరాలతో కలిపే చూస్తుంది.

పోలిక చేసే పద్ధతుల్లో మూడు రకాలు ప్రధానంగా కనిపిస్తాయి. దూదిపుల్లను సిరాలో ముంచి కాగితం మీద రుద్దడం అన్నిటికంటే సులువైనది, అన్నిటికంటే తప్పుదారి పట్టించేది. పాళీ వేసే సిరా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సిరా పడడం వల్ల అన్ని సిరాలూ గరిష్ఠ గాఢతకు చేరి, అసలు తేడాలు కనిపించకుండా పోతాయి. పరిశ్రమలో వాడే పద్ధతి ఇంతకంటే మెరుగు: సన్నని తీగ చుట్టిన కడ్డీతో సిరాను ఒకే మందంలో లాగి, ఆరిన తరువాత సాంద్రతామాపకంతో కొలుస్తారు. ఆ పరికరానికి కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న మచ్చ కావాలి, అర మిల్లీమీటరు పాళీ గీతను అది నేరుగా కొలవలేదు, కాబట్టి దాని లెక్క సిరాను గురించి చెబుతుందే గాని రాతను గురించి కాదు. మూడోది, అన్ని సిరాలతోనూ ఒకే పెన్నును ప్రతిసారీ శుభ్రంగా కడిగి ఒకే కాగితం మీద రాసి చూడడం. శ్రమ ఎక్కువైనా నమ్మదగినది ఇదే. కడిగిన పెన్నులో మిగిలిన నీటి చుక్క మొదటి రెండు మూడు వరుసలను పలచబరుస్తుంది కనుక, వాటిని లెక్కలోంచి తీసేస్తే ఫలితం ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. ఫోన్ కెమెరా ఫొటోలను ఆధారం చేసుకున్న పోలికలకు దాదాపు విలువ ఇవ్వనక్కరలేదు. కెమెరా ప్రతి ఫొటోకూ వెలుతురును తనకు తోచినట్టు సర్దుకుంటుంది, అంచులకు పదును పెడుతుంది. అన్ని నమూనాలనూ ఒకే ఫొటోలో, పక్కన బూడిద రంగు ప్రమాణ కార్డుతో తీస్తే తప్ప రెండు ఫొటోల్లోని నలుపులు పోల్చదగినవి కావు.

కంటి స్వభావం కూడా ఈ లెక్కలను చెదరగొడుతుంది. పరికరం ఒకే అంకె చూపించిన రెండు నలుపుల్లో నీలివైపు మొగ్గినదాన్ని ఎక్కువమంది లోతైన నలుపుగానూ, గోధుమవైపు మొగ్గినదాన్ని వెలిసినదిగానూ భావిస్తారు. సన్నని గీతలో కంటి కటకం అంచున ఉన్న తెలుపును నలుపులోకి కలిపేస్తుంది, అందువల్ల ఒకే సిరాతో గీసిన వెడల్పు గీత ఎప్పుడూ సన్నదాని కంటే నల్లగా ఉంటుంది. చాలా పోలికల్లో గాఢతగా లెక్కకెక్కినది నిజానికి గీత వెడల్పేనని, పాళీ పేరు చెప్పని పరీక్షలను చదివేటప్పుడు గుర్తుంచుకోవడం మంచిది. పసుపు బల్బు వెలుతురులో ఒకేలా కనిపించిన రెండు రంగు సిరాలు కిటికీ దగ్గర వేరుగా తేలడమూ ఉంది. రంగుల మిశ్రమాలకే ఈ చపలత్వం, కర్బనానికి లేదు.

కర్బనం ప్రత్యేకత కంటికి కనిపించని కాంతిలో మరింత స్పష్టమవుతుంది. పరారుణ కిరణాల కెమెరా కింద రంగు సిరాలు చాలావరకు మాయమై కాగితం ఖాళీగా కనిపిస్తుంది, ఇనుప సిరా తరంగదైర్ఘ్యం పెరిగే కొద్దీ క్రమంగా పలచబడుతుంది, మసి సిరా మాత్రం నల్లగానే నిలుస్తుంది. మృతసముద్రం దగ్గరి గుహల్లో దొరికిన, కాలానికి నల్లబడిన చర్మపత్రాలను పరారుణ ఫొటోల్లో చదవగలిగింది వాటి మీది రాత మసి సిరాది కావడం వల్లనే. దొంగ దస్తావేజులను పరీక్షించేవారు ఒకే నలుపుగా కనిపించే రెండు సిరాలను వేరుచేసేది కూడా ఈ పద్ధతిలోనే. కాలం పెట్టే పరీక్షలోనూ వరుస ఇదే విధంగా ఉంటుంది. ఎండకు రంగు సిరా వెలుస్తుంది, ఇనుప సిరా గోధుమగా మారుతుంది, మసి సిరా మారదు. ఇరవై ఏళ్ల తరువాత చదవవలసిన రాతకు ఏది గాఢమన్న ప్రశ్న వేరు, రేపు దిద్ది పారేసే చిత్తుప్రతికి ఏది గాఢమన్న ప్రశ్న వేరు. చెక్కుల బొమ్మలే బ్యాంకుల మధ్య ప్రయాణిస్తున్న ఈ రోజుల్లో ముదురు సిరాతో రాయమన్న సలహా కూడా గాఢతకు సంబంధించినదే, కాని అక్కడ చూసేది కన్ను కాదు, స్కానరు. దానికి తకేసుమి అయినా కామ్లిన్ అయినా చాలు.

ఈ లెక్కలన్నిటినీ దగ్గరపెట్టుకొని వరుస కట్టమంటే, ఒకే మధ్యస్థ పాళీ, ఒకే మంచి కాగితం అన్న షరతు మీద మసి సిరాలను, వాటితోపాటు నూడ్లర్స్, అరోరా నలుపులను మొదటి జట్టుగా, పైలట్, పెలికాన్, లామీ మొదలైన వాటిని రెండో జట్టుగా, క్వింక్ వంటి త్వరగా ఇంకే సిరాలను మూడో జట్టుగా చూపడం సమంజసం. ఒక్కో జట్టు లోపల మొదటి స్థానం ఎవరిదన్న వాదానికి మాత్రం భౌతికశాస్త్రం పెద్దగా బలం ఇవ్వదు. పైపొర పరావర్తనం ఆ చిన్న తేడాలను కప్పేస్తుంది, మిగిలినదాన్ని పాళీ తారుమారు చేస్తుంది. మొదటి జట్టులోంచి ఒకదాన్ని ఎంచుకునేవారు గాఢతను పక్కనపెట్టి తడికి ఆగుతుందా, చేతికి అంటుతుందా, పెన్నును కడగడానికి ఓపిక ఉందా అని చూసుకోవడమే మేలు.

తెలుగు రాసేవారికి మరొక లెక్క కూడా ఉంది. ఈ లిపిలో గీతల కంటే గుండ్రాలు ఎక్కువ. తలకట్టు కింద చిన్న సున్నాలు, గుడిదీర్ఘం కొసన మెలిక, వరుస కిందికి దిగిన వత్తుల్లో ఇరుకైన సందులు ఉంటాయి. ధారాళంగా పారే గాఢమైన సిరాను వెడల్పు పాళీతో, పీల్చే నోటుపుస్తకం కాగితం మీద వాడితే ఆ సందులు పూడిపోయి, వత్తులు దూరం నుంచి నల్ల మచ్చల్లా కనిపిస్తాయి. అక్షరం లోపలి తెలుపు కూడా చదవడానికి అవసరమైన భాగమే కనుక, చిన్న అక్షరాలు రాసే చేతికి సన్నని పాళీలో మసి సిరా గాని, మధ్యస్థ పాళీలో కాస్త పొదుపుగా పారే రంగు సిరా గాని సరిపోతుంది. అరోరా వంటి ధారాళమైన సిరాను పెద్ద అక్షరాలకూ, సైజింగ్ బాగున్న కాగితానికీ ఉంచుకోవచ్చు.